నాగార్జునసాగర్ జలాశయ విహారం

నాగార్జునసాగర్ జలాశయం కృష్ణా నదిపై, ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాకు, తెలంగాణలోని నల్గొండ జిల్లాకు మధ్య ఏర్పడిన విశాలమైన మానవ నిర్మిత సరస్సు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాలకు సాగునీరు, అనేక పట్టణాలకు, పల్లెలకు తాగునీరు ఇక్కడి నుండే అందుతున్నది. ఆ మైదానాల ప్రజలకు ఇది దగ్గరలోని ముఖ్యమైన విహార స్థలం కూడా. లాంచీ ప్రయాణం, నాగార్జునకొండ ద్వీపంపైని ప్రదర్శనశాల, అనుపు, ఎత్తిపోతల జలపాతం ఇక్కడ ప్రధానంగా చూడదగినవి. కుడిగట్టుపైనున్న విజయపురి సౌత్ 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ నెల 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడటంతో దానిలో చేరింది.

ఈ జలాశయాన్ని కేవలం నీటి సొగసు కొరకు చూసి వెళ్ళేవారే ఎక్కువ. అయితే లాంచీ సాగే ఆ నీటి అడుగున ఒకప్పుడు ఒక రాజధాని నగరం ఉండేది. ద్వీపంపై కనబడే కట్టడాలు మొదటి నుండి అక్కడ ఉన్నవి కావు, లోయ నుండి పైకి తరలించినవి. ఈ సంగతి ముందుగా తెలిసి వెళ్ళినవారికి అక్కడి రాళ్ళు వేరుగా కనిపిస్తాయి.

పేరు

ప్రాజెక్టు ప్రతిపాదన దశలో దీనిని సమీప గ్రామం పేరుమీద నందికొండ ప్రాజెక్టు అనేవారు. తరువాత నాగార్జునసాగర్ అనే పేరు స్థిరపడింది. ఇక్ష్వాకుల కాలంలో ఈ ప్రాంతంలోని కొండకు శ్రీపర్వతమని, నగరానికి విజయపురి అని పేర్లు. ఆనకట్టకు ఇరువైపులా వెలసిన కాలనీలకు విజయపురి నార్త్, విజయపురి సౌత్ అని పేర్లు పెట్టటంలో ఆ పాత పేరు నిలిచింది. పూర్వకాలపు సంస్కృత నామానికి ఇంగ్లీషు దిక్కులు తోకలుగా చేరటం కొంత వింతగానే ఉంటుంది.

కొండకు ఆచార్య నాగార్జునుని పేరు వచ్చిందని, ఆయన ఇక్కడ విశ్వవిద్యాలయం నడిపాడని పాఠ్య పుస్తకాలలోను, గైడ్ల మాటలలోను తరచుగా వినబడుతుంది. కొండ పేరులోని సంప్రదాయం పాతదే. కాని ఇక్కడ దొరికిన ఇక్ష్వాకుల శాసనాలలో మాధ్యమిక దర్శనకర్త అయిన నాగార్జునుని ప్రస్తావన లేదు. కాబట్టి ఆ సంబంధాన్ని సంప్రదాయంగా చెప్పుకోవటం వరకే సబబు. శాసనాలు నిస్సందేహంగా చెబుతున్నది ఏమిటంటే, ఇక్కడ వివిధ బౌద్ధ శాఖలకు చెందిన విహారాలుండేవి, దూరదేశాల భిక్షువులు వచ్చి పోయేవారు, సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారం ఉండేది.

లోయ, తవ్వకాలు, ముంపు

శాతవాహనుల తరువాత క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా పాలించారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు ఈ వంశపు రాజులు. మొదటి శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆ ఇంటి స్త్రీలు మాత్రం బౌద్ధానికి అండగా నిలిచారు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ దానంతో ఇక్కడి మహాచైత్యం వెలసింది. ఒకే ఇంటిలో యజ్ఞశాల, చైత్యం రెండింటికీ చోటు దొరకటం ఆ కాలపు విశేషం. పుష్పభద్రస్వామి, అష్టభుజస్వామి ఆలయాల వంటి తొలినాటి హిందూ దేవాలయాల ఆనవాళ్ళు కూడ ఇదే లోయలో బయటపడ్డాయి.

నగరం పోయాక లోయ అడవిలో కలిసింది. మధ్యయుగంలో కొండపై కోట కట్టారు. దాని గోడలు ఇప్పటికీ ద్వీపం అంచున కనిపిస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న పల్లెలు మాత్రమే ఉండేవి. 1926లో మద్రాసు శాసన పరిశోధన శాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి ఇక్కడి స్తంభాలను, దిబ్బలను గుర్తించి లోకానికి తెలియజేశాడు. 1927 నుండి 1931 వరకు ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. మహాచైత్యం నుండి బంగారు భరిణెలో ఉంచిన చిన్న ధాతువు లాంగ్‌హర్స్ట్ కాలంలోనే లభించింది.

ఇక్కడ డ్యాము కట్టాలని నిర్ణయించటంతో పరిస్థితి మారిపోయింది. మెట్ట పంటలు, కరువులతో అల్లాడే పల్నాడుకు, ప్రకాశం ప్రాంతానికి నీరు కావాలి. అందుకు లోయ మునగాలి. ముక్త్యాల జమీందారు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ప్రాజెక్టు కొరకు పట్టుబట్టి శ్రమించిన వారిలో ముఖ్యుడు. 1952లో ఖోస్లా కమిటీ ఈ స్థలాన్ని అనువైనదిగా పేర్కొన్నది. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు.

నీరు నిండేలోగా లోయనంతా తవ్వి చూడవలసి వచ్చింది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారత పురావస్తు శాఖ ఇక్కడ పెద్ద ఎత్తున పని చేసింది. గడువు పెట్టి చేసిన తవ్వకాలు దేశంలో అంతకు ముందు ఇంత విస్తారంగా జరగలేదనవచ్చు. రాతియుగం పనిముట్ల నుండి మధ్యయుగపు ఆలయాల వరకు వందకు పైగా స్థలాలు బయటపడ్డాయి. అన్నిటినీ కాపాడటం సాధ్యం కాదు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను ఎంపిక చేసి, రాళ్ళకు, ఇటుకలకు గుర్తులు పెట్టి విప్పి, కొండపైకి చేర్చి తిరిగి నిర్మించారు. మరికొన్నిటిని తూర్పు గట్టున అనుపు వద్ద నిలిపారు. ఇంకా కొన్నిటికి నమూనాలు చేసి ఉంచారు. మిగిలినది జలసమాధి అయినది.

మునిగినవి పురాతన శిథిలాలు మాత్రమే కాదు. నదికి రెండు వైపులా ఊళ్ళు, పొలాలు, గుడులు పోయాయి, కుటుంబాలు తరలిపోయాయి. వారి జ్ఞాపకానికి సంబంధించి ప్రదర్శనశాలలో చూపేది దాదాపు ఏమీ లేకపోవటం ఒక లోపమే.

ఆనకట్ట

సిమెంటు, ఉక్కు, యంత్రాలు అరుదుగా దొరికే రోజులవి. మనుషులకు మాత్రం కొదవ లేదు. అందువలన కాంక్రీటుకు బదులు రాతికట్టడాన్ని ఎంచుకున్నారు. వేలాది కూలీలు సరంజా మార్గాల మీదుగా రాయిని మోసి కట్టిన ఈ ఆనకట్ట ప్రపంచంలోని రాతి ఆనకట్టలలో అతి పెద్దదిగా పేరు పొందింది. రాతికట్ట పొడవు 1,450 మీటర్లు, ఇరువైపుల మట్టికట్టలతో కలిపి మొత్తం 4,865 మీటర్లు. ఎత్తు 124 మీటర్లు. గేట్లు 26. ఇంజనీరు కానూరి లక్ష్మణరావు, చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ పేర్లు ఈ నిర్మాణంతో ముడిపడి ఉన్నవి. 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది.

కుడి కాలువకు జవహర్ కాలువ అని, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేర్లు. 203 కిలోమీటర్ల కుడి కాలువ మాచర్ల నుండి నరసరావుపేట ప్రాంతాల మీదుగా ప్రకాశం జిల్లాలోకి పోతుంది. అద్దంకి, దర్శి, ఒంగోలు బ్రాంచి కాలువల ద్వారా మైదానాలకు నీరు చేరుతుంది. దీని క్రింద వరి మాగాణితో పాటు ఆరుతడి పంటలకు ప్రత్యేకించిన భూమి ఎక్కువ. పత్తి, మిరప ఆ విధంగానే ఇక్కడ స్థిరపడ్డాయి. ఒంగోలు పట్టణపు వేసవి నీటి చెరువులు నింపేది కూడ ఈ కాలువ నీటితోనే. పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం, కనిగిరి వైపు మెట్టలకు మాత్రం ఈ నీరు ఎక్కలేదు. వాటి కొరకు శ్రీశైలం జలాశయం నుండి సొరంగాల ద్వారా నీరు తెచ్చే వెలిగొండ పథకం చేపట్టవలసి వచ్చింది.

ఆనకట్ట పైకి సందర్శకులను స్వేచ్ఛగా అనుమతించరు. వాహనాలు దిగువనున్న వంతెన మీదుగా నదిని దాటుతాయి. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత నీటి విడుదలపై రెండు రాష్ట్రాల మధ్య వివాదాలు తలెత్తాయి. 2023 నవంబరు చివరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆనకట్ట కుడి సగాన్ని స్వాధీనం చేసుకోవటంతో వివాదం ముదిరింది. కేంద్రం జోక్యం చేసుకొని కేంద్ర రిజర్వు పోలీసు దళాన్ని కాపలాకు నియమించింది. గేట్లు ఎత్తిన దృశ్యం చూడటానికి ఆనకట్టపైకి వెళ్ళనవసరం లేదు. వంతెన పరిసరాల నుండే అది చక్కగా కనబడుతుంది.

లాంచీ ప్రయాణం, నాగార్జునకొండ

ద్వీపానికి వెళ్ళటానికి లాంచీ తప్ప వేరే మార్గం లేదు. కుడిగట్టున విజయపురి సౌత్‌లోని లాంచీ స్టేషను నుండి ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ లాంచీలు బయలుదేరుతాయి. ఎడమగట్టు నుండి తెలంగాణ పర్యాటక శాఖ లాంచీలున్నాయి. ప్రయాణం సుమారు ముప్పావు గంట నుండి గంట. తగినంత మంది ప్రయాణికులు చేరితేనే లాంచీ కదులుతుంది కనుక సెలవు దినాలు కాని రోజులలో కొంత నిరీక్షణ తప్పదు. గాలి ఎక్కువైనా, వరద ఉన్నా లాంచీలు ఆపివేస్తారు. ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. ఈ సంగతి తెలియక శుక్రవారం వచ్చి నిరాశతో వెనుదిరిగేవారు ప్రతి వారం ఉంటారు.

లాంచీ నల్లమల కొండల అంచున సాగుతుంది. గట్టున ఉన్నది 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ పథకం క్రింద ప్రకటించబడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. లాంచీ నుండి పులి కనిపిస్తుందని ఆశించరాదు. నీటికాకులు, కొంగలు కనిపిస్తాయి. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు తేలిన గట్ల మీద పూర్వపు నీటిమట్టాలు చారలు చారలుగా తెలుస్తాయి.

ద్వీపం విస్తీర్ణం సుమారు 144 ఎకరాలు. పూర్వం ఎత్తైన కొండ శిఖరం, ఇప్పుడు నీటిపై తేలిన భాగం. రేవు నుండి నీడనిచ్చే చెట్ల మధ్య దారి ప్రదర్శనశాలకు పోతుంది. బౌద్ధ విహారాన్ని తలపించేటట్లు కట్టిన ఈ భవనం 1966 నుండి ప్రజలకు అందుబాటులో ఉన్నది. పల్నాటి సున్నపురాయిపై చెక్కిన బుద్ధుని జీవిత ఘట్టాలు, జాతక కథలు, దాదాపు మూడు మీటర్ల ఎత్తున్న బుద్ధ విగ్రహం, శాసనాలు, పూసలు, కుండలు, నాణేలు ఇక్కడ ఉన్నవి. లోయలో దొరికిన రోమను బంగారు నాణేలు ఆనాటి సముద్ర వ్యాపారానికి సాక్ష్యం. విద్యార్థులు తప్పక చూడవలసినది మునుగక ముందటి లోయ నమూనా. ఏ కట్టడం ఎక్కడ ఉండేదో, నది ఎటు పారేదో దానివలన తెలుస్తుంది. దానిని చివర చూడక మొదటనే చూడటం మంచిది.

బయట తిరిగి నిర్మించిన కట్టడాలలో మహాచైత్యపు అడుగుభాగం ముఖ్యమైనది. దీని పునాది రథచక్రం ఆకారంలో ఉంటుంది, నడుమ నుండి ఆకుల వలె గోడలు పరచుకుంటాయి. మట్టి నింపిన గదులతో బరువు సమంగా పడేటట్లు చేసిన ఈ పద్ధతి ఇంజనీరింగు చదివేవారికి కూడ ఆసక్తికరం. నాలుగు దిక్కుల ముందుకు పొడుచుకొని వచ్చిన వేదికలను ఆయకాలని, వాటిపై ఐదేసి చొప్పున నిలిపిన స్తంభాలను ఆయక స్తంభాలని అంటారు. ఇవి ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత, సాంచిలో కనబడవు. కృష్ణ ఒడ్డున ఉండిన స్నానఘట్టం మెట్లు కూడ పైకి తెచ్చారు. నది దగ్గర లేని స్నానఘట్టాన్ని చూసి పిల్లలు ఆశ్చర్యపడతారు. ఆ ప్రశ్నతోనే వారికి ముంపు కథ మొదలుపెట్టవచ్చును.

తిరుగు లాంచీకి ముందు సాధారణంగా గంట వ్యవధి మాత్రమే ఇస్తారు. ప్రదర్శనశాలకు, కట్టడాలకు కలిపి అది చాలదు. ఉదయపు మొదటి లాంచీలో వెళ్ళి, తరువాతి లాంచీలో తిరిగి వచ్చే వీలున్నదేమో బయలుదేరే ముందే స్టేషనులో అడిగి తెలుసుకోవాలి. ద్వీపంపై రాత్రి బసకు అనుమతి లేదు. తాగునీరు, పిల్లలకు తినుబండారాలు వెంట తీసుకొని పోవటం మంచిది.

అనుపు

విజయపురి సౌత్ నుండి రోడ్డు మార్గాన చేరగల అనుపు వద్ద విహార సముదాయాన్ని, క్రీడారంగాన్ని, హారీతి ఆలయాన్ని పునర్నిర్మించారు. నాలుగు వైపుల మెట్ల వలె పలకలు పేర్చిన క్రీడారంగం దక్షిణ భారతంలో అరుదైన కట్టడం. నడుమ నిలబడి మాట్లాడితే పై మెట్లవరకు స్పష్టంగా వినిపిస్తుంది. లాంచీ దొరకని రోజున, శుక్రవారాలలో, అనుపు ఒక్కటే చూసినా ప్రయాణం వృథా కాదు. అయినా సందర్శకులు ఇక్కడికి తక్కువగా వస్తారు.

ఎత్తిపోతల

ఆనకట్ట నుండి మాచర్ల మార్గంలో సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఎత్తిపోతల జలపాతం కలదు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి దాదాపు 70 అడుగుల ఎత్తు నుండి లోయలోకి దూకుతాయి. చంద్రవంక ఇక్కడి నుండి పోయి కృష్ణలో కలుస్తుంది. యతులు తపస్సు చేసిన తలం కనుక యతి తపోతల అన్న పేరు ఎత్తిపోతలగా మారిందని స్థానికులు చెబుతారు. ఎత్తు నుండి పోత పోసినట్లు పడే నీరు అన్న అర్థం మరింత సహజంగా తోస్తుంది. నేటి పత్రికలలో ఎత్తిపోతల అంటే నీటిని మోటార్లతో పైకి తోడే పథకం. ఇక్కడ నీరు పడేది మాత్రం క్రిందికే.

లోయ అడుగున మధుమతీ సమేత దత్తాత్రేయ స్వామి ఆలయం ఉన్నది. జలపాతాన్ని ఎదురుగట్టున ఉన్న పర్యాటక శాఖ ప్రాంగణం నుండి చూడటం సౌకర్యం. క్రింది మడుగులో మొసళ్ళున్నాయి, సమీపంలో మొసళ్ళ పెంపక కేంద్రం కూడ నెలకొల్పారు. కనుక మడుగులో దిగటం ప్రాణాపాయం. కార్తీక మాసంలో వనభోజనాలకు వచ్చే బృందాలతో ఈ ప్రదేశం రద్దీగా ఉంటుంది. విస్తళ్ళు, ప్లాస్టిక్ సంచులు లోయలో పారవేసే అలవాటు మాత్రం మానవలసినది.

నీటిమట్టం, అనువైన కాలం

జలాశయపు పూర్తి నీటిమట్టం 590 అడుగులు. కాలువలకు నీరిచ్చే కనీస మట్టంగా 510 అడుగులను లెక్కిస్తారు. అంటే ఒకే సంవత్సరంలో నీరు 80 అడుగుల మేర ఎక్కి దిగవచ్చు. అందుచేత ఒకరు చూసిన సాగరం మరొకరు చూసిన సాగరం వలె ఉండదు. మొదట 408 టీఎంసీలుగా లెక్కించిన నిల్వ సామర్థ్యం పూడిక వలన తరువాతి సర్వేలో 312 టీఎంసీలకు తగ్గినట్లు తేలింది.

పైన శ్రీశైలం నిండి గేట్లు ఎత్తిన తరువాతనే సాగర్‌కు వరద వస్తుంది. మంచి వర్షాలు పడిన సంవత్సరాలలో ఆగస్టు నుండి అక్టోబరు మధ్య ఇక్కడ గేట్లు ఎత్తుతారు. ఆ వార్త పత్రికలలో రాగానే జనం బారులు తీరుతారు. వరుసగా వర్షాలు తక్కువైన సంవత్సరాలలో గేట్లు ఎత్తే ప్రసక్తి ఉండదు. అప్పుడు జలాశయం వైపు విహారానికి వచ్చేవారికంటే కాలువ వస్తుందా రాదా అని విచారించే రైతులే ఎక్కువ. నీరు నిండుగా ఉన్నప్పుడు శ్రీశైలం వరకు కూడ లాంచీలు నడిపిన సందర్భాలున్నాయి.

ప్రశాంతంగా చూడదలచిన వారికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఏప్రిల్, మే నెలలలో పల్నాటి ఎండ తీవ్రంగా ఉంటుంది, రాతి కట్టడాల మధ్య పగటిపూట నిలవటం కష్టం. శీతకాలంలో గుంటూరు వైపు నుండి వచ్చేవారికి దారిపొడుగునా పత్తి చేలు తెల్లగా కనబడతాయి. ఫిబ్రవరి, మార్చి నెలలలో కళ్ళాలలో ఆరబోసిన మిరపకాయలతో నేల ఎర్రబారుతుంది. వాటి ఘాటు బస్సులోకి కూడ వస్తుంది.

జాగ్రత్తలు

జలాశయంలోను, కాలువలలోను ఈతకు దిగరాదు. కాలువ గట్లు నునుపుగా ఉండి, ప్రవాహం వేగంగా ఉండటం వలన దిగినవారు తిరిగి ఎక్కలేరు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం తరువాత రాష్ట్రమంతటా పర్యాటక పడవలను నిలిపివేసి, తనిఖీల పిమ్మట తిరిగి అనుమతించారు. లాంచీలో లైఫ్ జాకెట్ అడిగి తీసుకొని ధరించాలి. ఫొటో కొరకు అందరూ ఒక వైపుకు చేరటం ప్రమాదకరం. విద్యార్థులను తీసుకొని వచ్చే ఉపాధ్యాయులు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు లెక్క చూసుకోవాలి.

సమీప ప్రదేశాలు, ప్రయాణ సౌకర్యాలు

ఎడమగట్టున తెలంగాణ ప్రభుత్వం నిర్మించిన బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైనది. మాచర్లలో చంద్రవంక ఒడ్డున బ్రహ్మనాయుని పేరుతో ముడిపడిన చెన్నకేశవస్వామి ఆలయం, కారంపూడిలో పల్నాటి వీరుల గుడి ఉన్నవి. సమయం ఉన్నవారు వీటిని కూడ కలుపుకోవచ్చును.

గుంటూరు నుండి నరసరావుపేట లేదా పిడుగురాళ్ళ మీదుగా మాచర్లకు బస్సులున్నాయి. నడికుడి వద్ద చీలే రైలు మార్గం మాచర్లతో ముగుస్తుంది, అక్కడి నుండి బస్సులో గాని ఆటోలో గాని విజయపురి సౌత్ చేరవచ్చు. గుంటూరు నుండి, హైదరాబాదు నుండి దూరం దాదాపు సమానమే, ఒక్కొక్కటి సుమారు 150 కిలోమీటర్లు. ఒంగోలు, మార్కాపురం వైపు నుండి వచ్చేవారికి ఎర్రగొండపాలెం మీదుగా మాచర్ల చేరే జాతీయ రహదారి 565 అనువైనది. బసకు విజయపురి సౌత్‌లోను, ఎత్తిపోతల వద్దను పర్యాటక శాఖ అతిథి గృహాలు, మాచర్లలో ప్రైవేటు లాడ్జీలు ఉన్నవి.